పోటు వేళ

మా హాస్టల్ వెనక నలభై కొబ్బరిచెట్లు.
రాత్రిపూట ఎండుకాయ రాలితే
ఇక్కడ పుట్టిన పిల్లలు నిద్రలోనే
"మనదా, పక్కోళ్ళదా" అంటారు.
వంజం ఊంగ మాత్రం
ఆ చప్పుడు ఆగకముందే మంచం కింద ఉంటాడు.

ఇటుకబట్టీలో దొరికాడని తెచ్చి అప్పగించారు.
అంతకుముందు మిరపకోతల్లో. అంతకుముందు
శబరికి అవతల, సరిహద్దు దాటి,
రెండుసార్లు కాలి, రెండుసార్లు కప్పు వేసుకున్న ఒక ఊళ్ళో.
పదకొండేళ్ళంటారు. పళ్ళు చూస్తే తొమ్మిది.

నేను వంటమనిషిని. కాగితాలు నా పని కాదు.
అయినా ఆ రోజు టీ ఇవ్వడానికి వెళ్ళి విన్నాను.
ఎవరి సంచి మోశావురా, అని అడిగారు.
బియ్యం సంచి, అన్నాడు.
అది కాదు, ఏ పక్షం వాళ్ళది?
బరువుగా ఉంది, అన్నాడు.
రాసేవాడి కలం కాసేపు ఆగి
గడిలో ఒక గీత గీసింది.

ఫొటోలవాళ్ళు వచ్చిన రోజు
మొహం బయటపడకూడదని
వాణ్ణి బియ్యం గదిలో దాచి గొళ్ళెం పెట్టాను.
మంచిపనే చేశాననుకున్నా.
తలుపు తీస్తే
మూలన, బస్తాల వెనక, చేతులు తలమీద పెట్టుకుని
తడిసిన నిక్కరుతో
లెక్కపెడుతున్నాడు, వాడి భాషలో.
ఆ సాయంత్రమే వడ్రంగి వీరేశాన్ని పిలిచి
గొళ్ళెం ఊడపీకించాను.
ఇప్పుడు పిల్లులు దూరి పాలు తాగుతున్నాయి. తాగనీ.

శ్రావణంలో ఎర్రనీళ్ళు దిగాయి.
బోడసకుర్రు రేవులో మావాళ్ళంతా
తాళ్ళకు కొక్కేలు కట్టి
కొట్టుకొచ్చే దుంగల్ని లాగుతున్నారు.
గట్టుమీద నా కొంగు పట్టుకు నిలబడ్డవాడు
చటుక్కున వంగి, దోసెడు నీళ్ళు తీసి వాసన చూశాడు.
ఒడ్డుకు చేరిన ఒక దుంగ దగ్గరికి పోయి
బెరడు గోటితో గిల్లి
ఇరుపు, అన్నాడు.
నాలుగు నెలల్లో అడక్కుండా అన్న మొదటి మాట.
నేను వంగి చూసి, ఇప్పరా, అన్నాను.
ఇరుపు. ఇప్ప.
మధ్యలో చెక్‌పోస్టు ఏదీ లేదు.

ఆ దుంగ గెద్దాడ సూరన్నది, కొక్కెం ఆయనది కదా.
నలుగురిముందు కసురుకుని, అదీ ఇదీ అని,
చివరికి గొడ్డలితో జానెడు ముక్క కొట్టిచ్చాడు.
వాడి దిండు కింద ఉందది.
పక్కల్లో పురుగు పడుతుందని సత్యవేణి మేడం గొడవ.

వరద తీశాక అడిగాడు:
ఇక్కడికొచ్చిన నీళ్ళు మళ్ళీ ఇంటికి పోతాయా?
పోవు నాన్నా, అనబోయి ఆగాను.
ఈ ఏటి ఒడ్డున పుట్టినదాన్ని, నాకు తెలుసు:
పోటు వేళ సముద్రం తోస్తే
వైనతేయ వెనక్కి నడుస్తుంది.
కట్టేసిన పడవలు ముక్కు తిప్పుకుంటాయి,
గుర్రపుడెక్క ఎగువకు సాగుతుంది.
పోతాయి, కొంతదూరం, అన్నాను.
ఎంతదూరమో చెప్పలేదు.
ఉప్పు అంటుకుంటుంది కూడా. అదీ చెప్పలేదు.

వాళ్ళమ్మ దొరికిందట, కుంట దగ్గర శిబిరంలో.
సోమవారం కమిటీ. పంపడమా, ఉంచడమా.
పంపితే దారిలో ఎవరు ఎదురొస్తారో,
మళ్ళీ ఎవరి సంచి వీపుకెక్కుతుందో.
ఉంచితే కులం సర్టిఫికెట్ ఏ రాష్ట్రం ఇస్తుందో.
నన్ను అడిగితే... నన్నెవరూ అడగరు.
వాణ్ణి అడగండి, అని మాత్రం మేడంతో అన్నాను,
పులుసు గరిటె చేతిలో ఉండగానే.

నిన్న రాత్రి మళ్ళీ కాయ రాలింది.
మంచం కింద వాడు.
ఎందుకో నేనూ దూరాను, యాభైఆరేళ్ళ మోకాళ్ళతో.
చల్లటి గచ్చు, చీమలు, ఇప్పచెక్క వాసన.
వాడు నా చెవిలో, నాకే ధైర్యం చెబుతున్నట్టు,
కాయే పెద్దమ్మా, అన్నాడు.
కాసేపాగి,
పక్కోళ్ళది.